“భయంబు లే... కడుగ”: వరూధిని జవాబులో ఎక్కడ ఆగాలి?

తేటగీతి:
అల్లసాని పెద్దన మనుచరిత్ర చదివి చాలా ఏళ్ళయింది. ఈమధ్య ఆడియో పుస్తకంగా మళ్ళీ మొదలుపెట్టాను. ప్రవరుడు కాళ్ళకు పసరు పూసుకుని మంచుకొండకు ఎగిరిపోయే కథ చెవికి ఇంకా బాగుంది. “ముహుర్ముహుర్లుఠ దభంగ తరంగ మృదంగ” దగ్గర నిజంగానే మద్దెల మోగింది. కానీ దారి తప్పిన ప్రవరుడు తోవ అడిగితే అప్సరస వరూధిని ఇచ్చే జవాబు, “ఇంతలు కన్నులుండ” పద్యంలో చిక్కుకుపోయాను. చదివినాయన “నీ” దగ్గర ఆగి, “కింత భయంబు లే” అని మళ్ళీ ఆగి, “కడుగ నెల్లిద మైతిమె” అన్నారు. అప్పట్నుంచి చెవిలో “కడుగ” తిరుగుతోంది. పద్యం పైకి చదివేవాళ్ళు ఇక్కడ ఎక్కడ ఊపిరి తీసుకుంటారు?

శకటరేఫ:
లేక + అడుగన్ + ఎల్లిదము (చులకన). ఇంత భయం లేకుండా అడగడానికి మేం చులకనయ్యామా అని అర్థం. అత్తునకు సంధి బహుళము, అంటే “లేక” చివరి అకారం పోయి “లేకడుగ” అయింది, అంతే. పాత అచ్చుల్లో “లే కడుగ” అని మధ్యలో ఖాళీ వదిలేవారు. ఆ ఖాళీనే ఆయన విరామం చేశారు. పద్యం మొత్తం చూడండి:

ఇంతలు కన్నులుండఁ దెరు వెవ్వరి వేఁడెదు భూసురేంద్ర! యే
కాంతమునందు నున్న జవరాండ్ర నెపంబిడి పల్కరించు లా
గింతియ కాక నీ వెఱుఁగవే మును వచ్చిన త్రోవ చొప్పు? నీ
కింత భయంబు లే కడుగ నెల్లిద మైతిమె? మాట లేటికిన్.

యే/కాంతము, లా/గింతియ, నీ/కింత. మూడు పాదాల చివరా మాట విరిగే ఉంది. పాదం చివర ఆగే అలవాటున్నవాళ్ళు ఈ ఉత్పలమాలను చదవకూడదు.

మత్తేభం:
యతిస్థానం (పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరాల్సిన చోటు, ఉత్పలమాలలో పదో అక్షరం) చూస్తే ఇంకా స్పష్టం. నాలుగో పాదంలో “ఇంత”లోని ఇకారానికి “ఎల్లిదము”లోని ఎకారం. కాబట్టి “అడుగ” తర్వాత ఆగాలి.

శకటరేఫ:
యతి అంటే తెలుగులో అక్షరమైత్రే గానీ ఆగే చోటు కాదండీ. అది సంస్కృతం మాట. మొదటి పాదం అలా చదివితే “తెరు” దగ్గర ఆగి “వెవ్వరి” అనాల్సొస్తుంది.

పసరుమహిమ:
నేను “కడుగ”ను అంత తేలిగ్గా వదలను. పసరు మంచుతడికి కరిగిపోబట్టే కదా ప్రవరుడు అక్కడ ఇరుక్కున్నాడు! కాళ్ళు కడుక్కుపోయిన మనిషితో మాట్లాడే పద్యంలో చెవికి “కడుగ” తగిలేలా పెద్దన కూర్చాడని నా నమ్మకం. రాయలవారి సభలో ఈ పద్యాలు విన్నవాళ్ళే ఎక్కువ, పుస్తకం పట్టుకుని చదివినవాళ్ళు కాదు.

మత్తేభం:
వరూధినికి పసరు సంగతి తెలియదు. “త్రోవ తప్పితిన్” అని మాత్రమే చెప్పాడు ఆయన.

పసరుమహిమ:
వరూధినికి తెలియకపోవచ్చు, వినే మనకు తెలుసుగా. నేనంటున్నది పెద్దన శ్లేష, ఆమెది కాదు.

పాతఅచ్చు:
శ్లేషే కావాలంటే “కడుగు” దాకా పోనక్కర్లేదు, “అడుగు” ఉంది. ముందు పాదం చూడండి: “మును వచ్చిన త్రోవ చొప్పు”. చొప్పు అంటే అడుగుజాడ. గాలిలో వచ్చినవాడికి జాడ ఎక్కడిది? ఆమె ఎత్తిపొడుపుగా అన్న మాట ఆయనకు అక్షరాలా నిజమై కూచుంది. దాని వెంటనే “అడుగ” వచ్చింది. నాకు ఈ పద్యమంతా కాళ్ళ చుట్టూ తిరుగుతున్నట్టు వినిపిస్తుంది.

శకటరేఫ:
చొప్పుకు విధం అనే అర్థమూ ఉంది. అయినా మీ జాడ బాగుంది, కాదనను. కానీ అందరూ అసలు తమాషా వదిలేశారు. ప్రవరుడి ప్రశ్నలో “ఒంటిఁ జరించె దోట లే/కివ్వనభూమి” అని ఉంది. ఓట అంటే భయం. భయం లేకుండా తిరుగుతున్నావేమని ఆయన అడిగితే, భయం లేకుండా అడుగుతున్నావేమని ఆమె తిప్పికొట్టింది. అక్కడా “లేక”యే విరిగింది, ఇక్కడా “లేక”యే సంధిలో కలిసింది. పైగా “భీతహరిణేక్షణ” (బెదిరిన లేడి కళ్ళదానా) అని ఆమెను పిలిచినవాడే అక్కడ బెదిరిపోయి ఉన్నాడు.

కళాపూర్ణ:
వినడానికే పుట్టిన అద్భుత కథ కావాలంటే పింగళి సూరన దగ్గరికి రండి. బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథ చుట్టూ కళాపూర్ణోదయం నడుస్తుంది, అందులో కథ వినడమే ఒక సంఘటన. విమర్శకుడు కట్టమంచి రామలింగారెడ్డిగారు 1914లోనే కవిత్వతత్త్వవిచారంలో సూరనను ఎత్తిపట్టారు. పెద్దన కథ మార్కండేయపురాణంలోంచి వచ్చింది, సూరనది సొంత కల్పన.

మత్తేభం:
కథ ఎవరిదైతేనేమండీ, “ఇంతలు కన్నులుండ” పురాణంలో ఉందా?

తేటగీతి:
“లేకడుగ” కలిపి నాలుగుసార్లు పైకి చదివి చూశాను. కలిపితే సంధి బాగానే ఉంది, కానీ “భయంబు” మీద రావలసిన ఒత్తు పోతోంది. ఆమె వెక్కిరింపంతా ఆ మాటలోనే ఉందని నాకనిపిస్తోంది.

పాతఅచ్చు:
ఒత్తు “ఇంత” మీద పెట్టండి. మొదటి పాదంలో “ఇంతలు” కన్నులు, మూడో పాదంలో “ఇంతియ”, నాలుగో పాదంలో “ఇంత” భయం. ఆమె చేత్తో కొలిచి చూపిస్తోంది.

శకటరేఫ:
ప్రాస కోసం వచ్చిన “ఇంత”లకు చేతులు తగిలించకండి. ఇంతకీ ఆ చదివినాయన “ఎఱుఁగవే”లో శకటరేఫ (ఱ) పలికారా, లేదా?