అప్‌డేట్: అమెరికా అన్నయ్య డబ్బుతో హాస్టల్ పిల్లల చదువు

బొబ్బిలి దగ్గర క్రైస్తవ హాస్టల్లో తల్లిదండ్రులు లేని అక్కాతమ్ముళ్ల చదువుకి అమెరికా నుంచి మా అన్నయ్య డబ్బు పంపొచ్చా అని అడిగాను కదా. తేలింది. అందరికీ థ్యాంక్స్.

"ముందు పాస్‌పోర్ట్ ఏదో చూడండి" అన్న సలహానే పనికొచ్చింది. విజయనగరంలో ఆడిటర్ గారూ మొదట అదే అడిగారు. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్న ఎన్నారై సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరుడైతే, ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చేది) ఉన్నా సరే, హాస్టల్ నడిపే ట్రస్టుకి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి, డబ్బు ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచ్ ఖాతాలోనే పడాలి. అన్నయ్యది ఇంకా మన పాస్‌పోర్టే, టెన్షన్ తీరింది.

80జీ (విరాళాలకి ఇచ్చే ఆదాయపు పన్ను మినహాయింపు) మీద అంత చర్చ జరిగింది గానీ, అన్నయ్యకి ఇక్కడ ఆదాయమే లేదు, ఇక దాంతో పనేముంది! అనాథ పిల్లల్ని ఉంచుకునే హాస్టల్‌కి బాలల న్యాయ చట్టం కింద ఉండాల్సిన రిజిస్ట్రేషన్ అడిగితే, హాస్టల్ చూసే పాస్టర్ గారు గోడ మీద ఫ్రేమ్ కట్టించిన సర్టిఫికెట్ దించి చేతికిచ్చారు. ఫీజు కట్టేశాం, రసీదు అన్నయ్య పేరు మీదే.