మోనోనోకే మొదలుపెట్టాను. ఇన్ని రంగుల మధ్య ఇంత భయమా?

నీలిసిరా:
మియాజాకి సినిమా 'ప్రిన్సెస్ మోనోనోకే' గురించి కాదండి. తోయే యానిమేషన్ 2007లో తీసిన 12 ఎపిసోడ్ల జపనీస్ యానిమేషన్ సిరీస్ గురించి అడుగుతున్నాను. 'జషికి వరాషి' కథ రెండు ఎపిసోడ్లూ రాత్రే అయ్యాయి. హారర్ కదా, అంతా చీకటిగా ఉంటుందనుకున్నాను. ఇక్కడేమో తెర నిండా ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. గోడల మీద, తలుపుల మీద, కిమోనోల మీద ఎక్కడ చూసినా డిజైన్లే. బొమ్మ మొత్తం గరుకు కాగితం మీద అచ్చు వేసినట్టుంది. మొదట్లో కళ్లు తిరిగాయి, మాటలు సగం వదిలేశాను.

కానీ గర్భిణి షినో ఆ సత్రంలో గది అడిగే దగ్గర్నుంచి టెన్షన్ మొదలైంది. ఒకప్పుడు అది వేశ్యాగృహమనీ, అక్కడి ఆడవాళ్లకు పుట్టనివ్వని పిల్లలే ఆ గదిలో ఉన్నారనీ తెలిశాక అన్ని రంగులున్న ఆ గోడల వైపు చూడబుద్ధి కాలేదు. ఒక్కసారి కూడా ఉలిక్కిపడలేదు, అయినా నిద్ర పట్టలేదు. మీకూ ఇలాగే అనిపించిందా? తర్వాతి కథల్లోనూ బొమ్మ ఇంత కిక్కిరిసి ఉంటుందా?

గీతలపిచ్చి:
నాకూ అలాగే అయింది. ఉకియోయె అనే పాత జపాన్ చెక్కఅచ్చు చిత్రాల్లోలా ఇందులో లోతు, నీడలు తక్కువ. మామూలు హారర్‌లో చీకటి మూల కనిపిస్తే అక్కడేదో ఉందని ముందే సిద్ధపడతాం. ఇక్కడ అలాంటి మూలే ఉండదు, మొత్తం వెలుగే. ఎటు చూడాలో తెలియక కన్ను తడబడుతుంటే అసలు విషయం మన ముందే దాక్కుంటుంది. దర్శకుడు కెంజి నకమురా దీన్ని చాలా తెలిసి చేశాడని నా నమ్మకం. వీలైతే 2006లో వచ్చిన 'అయాకాషి' అనే హారర్ సిరీస్‌లోని 'బాకెనెకో' కథ కూడా చూడండి, ఇందులో దయ్యాల పని పట్టే ఈ మందులమ్మేవాడు పుట్టింది అందులోనే.

అర్ధరాత్రి ఆట:
అందంగా ఉంది, ఒప్పుకుంటాను. అయితే నన్ను పట్టుకున్నది బొమ్మ కాదు, మందులమ్మేవాడి కత్తి. దయ్యం రూపం, జరిగిన సత్యం, దాని వెనకున్న కారణం మూడూ తేలేదాకా ఆ కత్తి ఒరలోంచి రాదు. అందుకే అతను దయ్యాన్ని వదిలేసి మనుషుల్ని ప్రశ్నిస్తాడు. ఎవరు ఏం దాచారో బయటపడే ఆ ఘట్టాలే నాకు అసలు భయం. ఓడలో జరిగే 'ఉమిబోజు' మాత్రం మూడు ఎపిసోడ్లు సాగింది, అక్కడ కాస్త ఓపిక పట్టండి. కిక్కిరిసిన బొమ్మ గురించి అడిగారు కదా, 'నుయె' దాకా వెళ్లండి. అగరు వాసన పసిగట్టే పోటీ అది. ఇల్లంతా దాదాపు రంగులేకుండా ఉంటుంది, వాసన పీల్చినప్పుడు మాత్రం రంగు పొంగుకొస్తుంది. సిరీస్ మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

నీలిసిరా:
కత్తి సంగతి చెప్పాక మొదటి కథ మళ్లీ చూశాను. సబ్‌టైటిల్స్ ఒకసారి చదివేశాను కాబట్టి ఈసారి బొమ్మనే చూశాను, చాలా తేడా ఉంది. సత్రం యజమానురాలి మొహం మొదటి నిమిషాల నుంచే వేరేగా కనిపించింది. మా అక్కకి కూడా చూపిద్దామనుకున్నాను, కానీ తనకిప్పుడు ఆరో నెల. ఈ కథ వద్దు. తనకి నేరుగా 'నుయె' పెట్టొచ్చా, ముందువి చూడకపోయినా అర్థమవుతుందా?

అర్ధరాత్రి ఆట:
అర్థమవుతుందండి. ఏ కథకాకథే, అన్నిట్లో ఉండేది మందులమ్మేవాడొక్కడే. కత్తి షరతు మాత్రం ముందే చెప్పండి.