ప్రైరీ డాగ్ కలుగుల చుట్టూ మట్టి ఒక్కోచోట ఒక్కోలా ఎందుకుంటుంది?

ప్రశ్న (డెన్వర్ నుంచి)

మే చివరి వారంలో సౌత్ డకోటాలోని బ్యాడ్‌ల్యాండ్స్ పార్కుకి వెళ్లాం. సేజ్ క్రీక్ రిమ్ రోడ్ పక్కన, రాబర్ట్స్ ప్రైరీ డాగ్ టౌన్ అనే వాటి కాలనీ దగ్గర నేనూ నాన్నా రెండు సాయంత్రాలు కూర్చున్నాం. పేరుకి డాగ్ గానీ ఇవి ఉడుత కుటుంబానివి. కారు దగ్గర్నుంచి కనిపించిన 23 కలుగుల్ని నోట్‌బుక్‌లో గీసుకున్నాను. ఆరింటి చుట్టూ మట్టి మోకాలెత్తున, రోలు అంచులా గట్టిగా నిలబడి ఉంది. పద్నాలుగింటి దగ్గర పల్చగా పరుచుకుంది. మూడింటికి కుప్పే లేదు.

నాన్న ముప్పై ఏళ్లు వేరుశనగ పండించిన మనిషి. "వాన నీళ్లు దిగకుండా గట్టు వేసుకున్నాయి" అన్నారు. మరి అన్నింటికీ ఎందుకు లేదు? ఇంకోటి, చుట్టూ గడ్డి గొర్రెలు మేసినట్టు నేలకి అంటుకుపోయింది. తినకుండా కొరికి పడేసిన కాడలూ ఉన్నాయి. "నేలంతా పాడుచేశాయి" అని నాన్న బాధపడ్డారు. నిజంగా పాడైనట్టేనా?

జవాబు (ఫోర్ట్ కాలిన్స్ నుంచి)

నాన్నగారి మాట నిజమేనండి, ఆ గట్టు నీళ్లని ఆపుతుంది. దాంతోపాటు గాలి సంగతి కూడా ఉంది. నేలకి కాస్త ఎత్తులో గాలి వేగం ఎక్కువ. అందుకని లోపల్లోపల కలిసిన రెండు నోళ్లలో ఎత్తుదాని దగ్గర ఒత్తిడి తగ్గి లోపలి గాలి బయటికి వచ్చేస్తుంది, పల్లంలో ఉన్న రెండో నోటి నుంచి కొత్త గాలి దిగుతుంది. 1973లోనే దీనిమీద పరిశోధన వచ్చింది. అన్ని నోళ్లూ ఒకే ఎత్తులో ఉంటే ఇది ఇంత బాగా జరగదు. ఈసారి వాన పడిన మర్నాడు వెళ్లండి. తడిమట్టిని కాళ్లతో లాగి, ముక్కుతో నొక్కుతూ కనిపిస్తాయి. ఎండిన అంచుల మీద ఆ ముక్కు గుర్తులు నేను చాలాసార్లు చూశాను.

గడ్డి కొరికేది కాపలా కోసం. గద్దో, నక్కలాంటి కాయోటో దూరం నుంచే కనబడాలి కదా. కొరికిన చోట వచ్చే లేత చిగురులో మాంసకృత్తులు ఎక్కువ, బైసన్లు (అక్కడి అడవిదున్నలు) దాన్ని వెతుక్కుంటూ వస్తాయి. అది పాడైన నేల కాదండీ.

ఇంకో జవాబు

ఒక్క జాగ్రత్త. కలుగుల్లో చెయ్యి పెట్టొద్దు, పెంపుడు కుక్కని వదలొద్దు. వీటి ఒంటిమీది ఫ్లీ అనే చిన్న పురుగుల వల్ల ప్లేగు వస్తుంది. 2008లో ఆ పక్కనే ఉన్న కొనాటా బేసిన్‌కి ప్లేగు వచ్చి వేల ఎకరాల కాలనీలు ఖాళీ అయ్యాయి. వీటినే తిని, వీటి కలుగుల్లోనే బతికే నల్లకాళ్ల ఫెర్రెట్లకి (ముంగిసలాంటి జంతువులు) అది పెద్ద దెబ్బ. 1980ల్లో 18 మాత్రమే మిగిలితే పట్టుకుని పెంచి, మళ్లీ అక్కడ వదిలిన జంతువులవి. ఇప్పుడు కలుగు కలుగుకీ ఫ్లీలని చంపే మందు పొడి చల్లుతున్నారు.

ప్రశ్న అడిగినవారు

నాన్నకి చదివి వినిపిస్తే అప్పుడు తీసిన ఫోటోలు చూపించమన్నారు. వాటిలో పదకొండు బైసన్లలో తొమ్మిది ఆ పొట్టి గడ్డిలోనే ఉన్నాయి! ఆయన చాలాసేపు చూశారు. ఇంకొక్కటి అడగాలి. కుప్ప లేని ఒక కలుగు ముందు ఎండిన పేడ ముక్కలు పరిచినట్టున్నాయి. ఏంటది?

జవాబు (ఫోర్ట్ కాలిన్స్ నుంచి)

కలుగుల్లో ఉండే ఒక రకం చిన్న గుడ్లగూబ అయ్యుండాలండీ! జానెడు ఎత్తుంటుంది, పొడుగు కాళ్లు. ఖాళీ కలుగులో గూడు పెట్టి గుమ్మంలో పేడ పరుస్తుంది, దానికోసం వచ్చే పేడపురుగుల్ని తింటుంది. ఈసారి పొద్దుగూకే వేళ ఆ ఒక్క కలుగునే చూస్తూ కూర్చోండి.