వాన్ గో చెవి సంగతి పిల్లల పుస్తకంలో ఉండాలా?

నల్లగొండ ఉపాధ్యాయుడు:
మా ప్రభుత్వ ఉన్నత పాఠశాల గ్రంథాలయానికి ఈ ఏడు చిత్రకళ మీద కొన్ని పుస్తకాలు తెప్పించాను. వాటిలో పిల్లల కోసం రాసిన ఒక పుస్తకం డచ్ చిత్రకారుడు విన్సెంట్ వాన్ గో గురించినది. ఆయన పొద్దుతిరుగుడు పూలు గీశాడని, చుక్కల రాత్రి గీశాడని, పసుపు రంగంటే ఆయనకు ప్రాణమని అందులో ఉంది. కానీ 1888 డిసెంబరులో చెవి కోసుకున్న సంగతి, మరుసటి ఏడాది మానసిక చికిత్సాలయంలో చేరిన సంగతి, 1890 జూలైలో 37 ఏళ్లకే తుపాకీ గాయంతో కన్నుమూసిన సంగతి ఒక్క ముక్క కూడా లేదు. అదే పెద్దల కోసం రాసిన మరో పుస్తకం చెవితోనే మొదలవుతుంది. దానిలో బొమ్మలేమో నలుపు తెలుపుల్లో, తపాలా బిళ్లంత ఉన్నాయి.

దాచడం తప్పని నా అభిప్రాయం. ఎందుకంటే పుస్తకం దాచినదాన్ని ఫోను చెప్పేసింది. ఏడో తరగతి పిల్లవాడొకడు వచ్చి, "సార్, పిచ్చి పట్టినోళ్లే మంచి బొమ్మలేస్తరా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు సిద్ధంగా లేదు. మీరేమంటారు?

పాలమూరు నుంచి ఒక తల్లి:
సార్, మీ ఇబ్బంది అర్థమైంది, కానీ మీ మాటను ఒప్పుకోలేను. ఇంటర్ ఫలితాలు వచ్చే రోజుల్లో మా వీధిలో తల్లులు రాత్రిపూట లేచి, పిల్లలు పడుకున్న గది తలుపు తీసి చూసుకుంటారు. అలాంటి ఇళ్లలోకి వెళ్లే పుస్తకంలో, ఒక గొప్ప మనిషి తనకు తానే హాని చేసుకున్నాడన్న మాటను, అదీ ఆయన గొప్పతనం పక్కనే పెట్టి చెప్పడం నాకు భయం కలిగిస్తుంది. పదేళ్ల పిల్ల ఆ రెండింటినీ కలిపి చదువుకుంటుంది. పొద్దుతిరుగుడు పూలు చూసి సంతోషపడితే చాలదా? మిగతాది పెద్దయ్యాక తానే తెలుసుకుంటుంది.

సూర్యాపేట పాఠకుడు:
మీ ఇద్దరూ చెవి దగ్గరే ఆగిపోయారని నాకనిపిస్తోంది. ఆ పిల్లవాడి ప్రశ్నకు జవాబు వాన్ గో జీవితంలోనే ఉంది. జబ్బు తిరగబెట్టిన రోజుల్లో ఆయన బొమ్మలు వేయలేకపోయేవాడు. నెమ్మదించిన రోజుల్లోనే, చికిత్సాలయం కిటికీలోంచి తూర్పు ఆకాశాన్ని గమనించి, 1889 జూన్‌లో చుక్కల రాత్రిని చిత్రించాడు. ఆ బొమ్మలో కనిపించే ఊరు కిటికీలోంచి కనిపించేది కాదు, ఆయన ఊహించి చేర్చుకున్నది. ఇంత ఆలోచించి వేసిన పనిని పిచ్చి అనడం ఆయనకూ అన్యాయమే, జబ్బుతో బతుకుతున్న ఎందరికో కూడా అన్యాయమే. "బతికుండగా ఒకే ఒక్క బొమ్మ అమ్ముడుపోయింది" అనే మాట కూడా చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. ఎర్ర ద్రాక్షతోట బొమ్మ 1890లో 400 ఫ్రాంకులకు అమ్ముడైన మాట నిజమే, కానీ అంతకు చాలా ముందు, 1882లోనే, సొంత బాబాయి ఆయనకు డబ్బిచ్చి హేగ్ నగర దృశ్యాలు గీయించుకున్నాడు.

మన పిల్లలకు నేనైతే 1885లో వేసిన "ఆలుగడ్డలు తినేవాళ్లు" బొమ్మ ముందుగా చూపిస్తాను. దానికోసం ఆయన ఆ చలికాలమంతా రైతుల ఇళ్లకు తిరిగి, 40 దాకా ముఖాలు గీసి చేయి సాధించుకున్నాడు. గిన్నెలో పెట్టిన ఈ చేతులే నేలను తవ్వాయని చూపించాలనుకున్నట్టు తమ్ముడు థియోకు ఉత్తరం రాశాడు. పొద్దుగూకే దాకా పత్తి ఏరి వచ్చి, దీపం కింద కంచం ముందు కూర్చునే అమ్మానాన్నలున్న పిల్లలకు ఈ బొమ్మను విడమరచి చెప్పాల్సిన పని ఉండదు. పసుపు పూల పుస్తకాల్లో ఇది ఎందుకు ఉండదో నాకు బాధగా ఉంటుంది. నల్లగా, మురికిగా ఉందని తీసేస్తారేమో.

పోచంపల్లి నేత కుటుంబం నుంచి:
చర్చ చదివాక మా ఇంటి మాట ఒకటి చెప్పాలనిపించింది. మా దగ్గర చీర నేయడానికి ముందు ఆసు పోయాలి. సగం చక్రంలా పేర్చిన మేకుల చుట్టూ నూలు తిప్పుతూ, ఒక్కో చీరకు దాదాపు 9,000 సార్లు చేయి పైకీ కిందికీ ఆడించాలి. ఆ తర్వాతే చిటికి కట్టడం (రంగు అంటకూడని చోట నూలును గట్టిగా చుట్టి కట్టడం), అద్దకం. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు తన తల్లి లక్ష్మి గారి భుజాల నొప్పి చూడలేక, ఆరో తరగతితో చదువు ఆగిపోయినా, ఏళ్ల తరబడి ప్రయత్నించి 1999లో ఆసు యంత్రాన్ని పూర్తి చేశారు. దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మా పిల్లలకు ఈ కథ చెప్పినప్పుడు నొప్పిని మేం దాచలేదు. ఆ నొప్పి ఏ పని వల్ల వచ్చిందో, దానికి కొడుకు ఏం చేశాడో కూడా దానితోపాటే చెప్పాం. వాళ్లు భయపడలేదు. వెళ్లి నాయనమ్మ భుజం పట్టుకుని చూశారు.

కాబట్టి చెప్పాలా వద్దా అన్నదానికంటే, దేనితో కలిపి చెబుతున్నామన్నది నాకు ముఖ్యం. చెవి ఒక్కటే చెబితే అది వింత. తమ్ముడు నెల నెలా పంపిన డబ్బు, రంగులు, గుడ్డ, ఆ తమ్ముడూ 1891 జనవరిలో పోయాక మరదలు యోహాన్నా ఆ బొమ్మలను కాపాడి 1914లో ఉత్తరాలను అచ్చువేయించిన శ్రమ, ఇవన్నీ కలిస్తే అది ఒక కుటుంబం కథ. ఇంకొక మాట. నల్లగొండ పక్కనున్న పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయాన్ని కట్టిన శిల్పుల జీవితాల గురించి మనకు ఏమీ తెలియదు. అయినా లింగం మీద పడే నీడ పగలంతా కదలకుండా ఎలా నిలుస్తుందని పిల్లలు స్తంభాల చుట్టూ తిరిగి వెతుకుతారు. జీవిత కథ దొరకని కళాకారుల మీద కూడా పుస్తకాలు రావాలి.

పాలమూరు తల్లి:
నాయనమ్మ భుజం పట్టుకుని చూశారన్న మాట దగ్గర కాసేపు ఆగిపోయాను. సార్, మీరు ఏం చెప్పదలచుకున్నారో ఆ వాక్యాలే రాసి పెట్టండి. చూసి చెబుతాను.

నల్లగొండ ఉపాధ్యాయుడు:
మేడం, ఆ పుస్తకం చివరి అట్ట లోపల అతికించడానికి ఇలా రాశాను: "విన్సెంట్‌కు మనసుకు సంబంధించిన జబ్బు చేసింది. జబ్బు ఎక్కువైనప్పుడు చెవి కోసుకున్నాడు. అప్పుడు బొమ్మలు వేయలేకపోయేవాడు, తగ్గినప్పుడు వేసేవాడు. 37 ఏళ్లకే చనిపోయాడు. తమ్ముడూ మరదలూ ఆయన పనిని కాపాడారు." ఎదుటి పేజీలో ఆలుగడ్డల బొమ్మను పెద్దగా, రంగుల్లో అచ్చు తీయించి అతికిస్తాను.

పాలమూరు తల్లి:
చెవి మాట ఎనిమిదో తరగతి దాకా వద్దని ఇప్పటికీ అంటాను. మిగతాది ఉంచండి. "ఆ రోజుల్లో ఆ జబ్బుకు సరైన వైద్యం లేదు, ఇప్పుడు ఉంది, మనసు బాగోలేకపోతే ఇంట్లోనో బళ్లోనో చెప్పండి" అనే వాక్యం చేరిస్తే, ఆ పుస్తకాన్ని మా అమ్మాయి చేతికి నేనే ఇస్తాను.

నల్లగొండ ఉపాధ్యాయుడు:
ఆ వాక్యం చేర్చాను. చెవి మాటను మాత్రం తీయలేదు మేడం, ఆ పిల్లవాడు నన్ను అడిగింది దాని గురించే.