బారసాలకు వెళ్లిన ఇంట్లో సంపు మూత కుంగి అమ్మ కాలు విరిగింది: నష్టపరిహారం ఎవరిని అడగాలి?

ప్రశ్న: హిందూపురం ఆడపడుచు (ప్రస్తుతం కె.ఆర్.పురం, బెంగళూరు)

అందరికీ నమస్కారం. మా పెదనాన్నగారి మనవరాలి బారసాల కోసం ఈ మధ్య మా అమ్మగారు హిందూపురం నుంచి బెంగళూరు వచ్చారు. అక్క, బావగారు రామమూర్తినగర్‌లో ఒక రెండంతస్తుల ఇంటి కింది భాగంలో అద్దెకు ఉంటున్నారు. ఇంటి యజమాని పై అంతస్తులో ఉంటారు. గేటు దాటగానే బండ్లు నిలిపే చోట నేల లోపల నీటి సంపు ఉంది, రెండు వాటాలకూ నీళ్లు అందులోంచే మోటారుతో పైన ట్యాంకుకు ఎక్కుతాయి. దాని ఇనుప రేకు మూత అంచుల వెంట తుప్పు పట్టి పలుచబడినందున ఎవరూ పొరపాటున కాలు పెట్టకుండా మామూలు రోజుల్లో దాని మీద ఒక పెద్ద క్రోటన్ కుండీ ఉంచుతారు. బారసాల రోజున షామియానా వేసేందుకు ఆ కుండీని గోడవారకు జరిపి, వాకిలంతా ఆకుపచ్చ తివాచీ పరిచారు. తాంబూలం తీసుకుని బయటికి వస్తూ అమ్మ అక్కడ అడుగు వేయగానే మూత ఒక పక్కకు ఒరిగి, కుడి కాలు మోకాలి దాకా దిగబడిపోయింది. చీలమండ దగ్గర రెండు ఎముకలు విరిగాయి. ఆపరేషన్ చేసి ప్లేటు, స్క్రూలు వేశారు. ఖర్చు 2 లక్షల రూపాయలు దాటింది.

అమ్మ ఊళ్లో జాకెట్లు కుట్టి సంపాదిస్తారు. ఆవిడది కాలితో తొక్కే మిషన్. మళ్లీ మునుపటిలా తొక్కగలరో లేదో ఇప్పుడే చెప్పలేమని డాక్టరుగారు అంటున్నారు. యజమానిని అడిగితే, "మీ చుట్టం మీ ఇంటికి వచ్చి పడితే నాకేమిటి సంబంధం" అని, చివరికి ఒక కాగితం మీద సంతకం చేస్తే 20,000 ఇస్తానన్నారు. మూత మార్చమని బావగారు ఆయనకు వాట్సాప్‌లో అంతకుముందే రాశారు, ఆయన "చూద్దాం" అని జవాబిచ్చారు కూడా. అక్కాబావలను కోర్టుకు లాగడం మాకు ఎంతమాత్రం ఇష్టం లేదు. అతిథిగా వెళ్లిన మనిషికి ఇలాంటి దెబ్బ తగిలితే చట్టం ఏమంటుందో, మాకున్న దారులేమిటో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: మారతహళ్లి నివాసి

ముందుగా పోలీసు ఫిర్యాదు ఇవ్వండి. భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షను ప్రకారం ఎముక విరగడం తీవ్రమైన గాయం కిందికి వస్తుంది. నిర్లక్ష్యం వల్ల అలాంటి గాయం కలిగించినవారికి 125వ సెక్షను మూడేళ్ల దాకా జైలు, లేదా 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ విధిస్తుంది. ఆసుపత్రిలో మెడికో లీగల్ కేసుగా (పోలీసులకు తెలియజేయవలసిన గాయంగా) నమోదు చేశారో లేదో కూడా కనుక్కోండి. స్టేషన్ నుంచి ఒక్క ఫోను వెళ్తే ఆ 20,000 మాట తప్పకుండా మారుతుంది.

జవాబు: సివిల్ న్యాయవాది, బెంగళూరు

పైవారు చెప్పిన సెక్షన్లు సరైనవే గాని, ఈ సంగతిలో దాన్ని మొదటి మెట్టుగా నేను సూచించను. కేసు నెగ్గి జరిమానా పడినా అది ప్రభుత్వానికి వెళ్తుంది. అందులోంచి బాధితురాలికి ఇప్పించే అధికారం మేజిస్ట్రేటుకు ఉన్నా, 10,000 జరిమానాలోంచి ఆపరేషన్ ఖర్చు తీరదు. అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. కుండీ జరిపించిందీ తివాచీ పరిపించిందీ ఎవరని పోలీసులు అడిగే మొదటి ప్రశ్నకు జవాబు మీ బావగారి దగ్గరే ఆగుతుంది. మీరు కాపాడాలనుకుంటున్న మనిషే మొదటి నిందితుడు కావచ్చు.

ఇక సివిల్ హక్కు విషయం. అతిథికి ఇంట్లో తగిలే దెబ్బల గురించి మన దేశంలో ప్రత్యేక చట్టమంటూ లేదు. ఇంగ్లండులో 1957లో ఒక చట్టం చేసి, వ్యాపారం మీద వచ్చినవారికీ చుట్టపుచూపుగా వచ్చినవారికీ మధ్య తేడాను తీసివేశారు గాని, అది మనకు వర్తించదు. మన కోర్టులు నిర్లక్ష్యానికి సంబంధించిన సాధారణ సూత్రాలను, వాటితోపాటు పాత ఇంగ్లీషు తీర్పుల నుంచి వచ్చిన నియమాలను ఆధారం చేసుకుంటాయి. ఆ పాత నియమం ప్రకారం, పిలిచిన చుట్టానికి ఇల్లంతా భద్రంగా సిద్ధం చేసి ఉంచవలసిన బాధ్యత ఇంటివారి మీద లేదు. అయితే తమకు తెలిసి ఉండి, వచ్చినవారి కంటికి కనిపించని ప్రమాదం ఉంటే మాత్రం హెచ్చరించి తీరాలి. మెట్టు విరిగి ఉన్నట్టు అందరికీ కనిపిస్తుంటే చూసి నడవవలసింది అతిథే. మీ అమ్మగారి విషయంలో మూత తివాచీ కింద ఉంది, అది బలహీనమని ఇంట్లోవారికి తెలుసు, అక్కడ కుండీ ఉంచడమే అందుకు సాక్ష్యం. ఇంతకంటే కఠినమైన నియమాన్ని పట్టుకుని పరీక్షించినా మీ కేసు నిలుస్తుందని నా అభిప్రాయం.

అయితే ఆ నిర్లక్ష్యం ఎవరిది? అద్దె ఇంట్లో సాధారణంగా జాగా ఎవరి అధీనంలో ఉందో వారినే బాధ్యులుగా చూస్తారు. ఇక్కడ సంపు రెండు వాటాలకూ ఉమ్మడి, యజమాని అక్కడే కాపురం ఉంటున్నారు, మూత మార్చమని అడిగినప్పుడు "అది మీ పని" అనకుండా "చూద్దాం" అన్నారు. మరమ్మతు తన చేతిలోనిదేనని ఆయన ఒప్పుకున్నట్టే దానికి అర్థం. 1966లో ఢిల్లీ మునిసిపల్ కార్పొరేషన్, సుభగవంతి కేసులో చాందినీ చౌక్ గడియార స్తంభం కూలి జనం చనిపోయినప్పుడు, దాని వయసు సుమారు 80 ఏళ్లనీ, ఆ తరహా కట్టడం నిలిచేది 40, 45 ఏళ్లేననీ గమనించిన సుప్రీంకోర్టు, పైకి కనిపించని లోపమని చెప్పి యజమాని తప్పించుకోలేడని చెప్పింది. అది దారిన పోయేవారి గురించిన తీర్పు కాబట్టి మీకు అక్షరాలా వర్తిస్తుందని అనను. పాతబడిన దాన్ని పరీక్షించి బాగుచేయించవలసిన భారం సొంతదారుదేనన్న మాటకు మాత్రం అది బలమైన ఆసరా.

ఇద్దరి తప్పూ కలిసి ఒకరికి గాయమైతే, గాయపడినవారు ఆ ఇద్దరిలో ఒక్కరి నుంచే మొత్తం పరిహారం కోరవచ్చు. 2015లో ఖెన్యేయి కేసులో సుప్రీంకోర్టు మోటారు ప్రమాదాల సందర్భంలో ఈ సంగతి విడమరచి చెప్పింది. కనుక మీరు యజమాని ఒక్కరి మీదే దావా వేయవచ్చు. ఆయన కావాలనుకుంటే మీ బావగారి వాటా కోసం ఆ తరువాత ఆయనతో తేల్చుకుంటారు. కాని యజమానికి ముందే తెలుసునని రుజువు చేసే ఏకైక సాక్షి మీ బావగారే. ఆయన బోనెక్కి వాట్సాప్ సందేశాల గురించి చెబితే, కుండీ ఎవరు జరిపారన్న ప్రశ్న ఎదుటి న్యాయవాది తప్పకుండా వేస్తారు, దానికి నిజమే చెప్పాలి. ఈ మాట ఆయనతో ఇప్పుడే, నోటీసు పంపక ముందే, కూర్చుని మాట్లాడుకోండి. బంధుత్వం చెడుతుందేమోనని దాచిపెట్టిన విషయం కోర్టులో బయటపడితే కేసూ చెడుతుంది, బంధుత్వమూ చెడుతుంది.

దావా హిందూపురంలో వేయడానికి వీలుకాదు. శరీరానికి జరిగిన హానికి సంబంధించిన దావాను ఆ హాని జరిగిన చోట గాని, ప్రతివాది ఉండే చోట గాని వేయాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ 19వ సెక్షను చెబుతుంది. మీకు రెండూ బెంగళూరే. గడువు దెబ్బ తగిలిన రోజు నుంచి మూడేళ్లు. నోటీసులూ రాజీ మాటలూ నడుస్తున్నంత మాత్రాన ఆ గడువు ఆగదు. కోర్టు ఫీజు అడిగిన మొత్తాన్ని బట్టి కట్టాలి గాని, మీ అమ్మగారు స్త్రీ కాబట్టి 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం 12వ సెక్షను ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హురాలు.

జవాబు: బీమా ఉద్యోగి

ఒక విషయం చేరుస్తాను. యజమానికి ఇంటి బీమా ఉందో లేదో అడగండి, ఏ రకం పాలసీయో కూడా అడగండి. 2021 ఏప్రిల్ నుంచి అన్ని సాధారణ బీమా కంపెనీలూ అమ్ముతున్న భారత్ గృహ రక్ష పాలసీ అగ్ని, వరద, భూకంపం వంటి వాటి వల్ల కట్టడానికీ ఇంట్లోని సామానుకూ కలిగే నష్టానికి పనికివస్తుంది గాని, ఇంటికి వచ్చినవారికి తగిలిన దెబ్బకు ఆ పాలసీ నుంచి డబ్బు రాదు. హౌస్‌హోల్డర్ ప్యాకేజీ పాలసీలలో మూడో వ్యక్తికి కలిగే నష్టానికి విడిగా ఒక భాగం ఉంటుంది, అది తీసుకుని ఉంటేనే కంపెనీ ముందుకు వస్తుంది. అలాంటి పాలసీ ఉంటే కంపెనీకి చెప్పకుండా ఆయన మీతో ఏ మొత్తానికీ ఒప్పుకోలేరు; ఆయన తటపటాయింపునకు కారణం అదీ కావచ్చు. అమ్మగారికి ఆరోగ్య బీమా ఉంటే, కొత్త పాలసీ అయినా సరే, మొదటి 30 రోజుల నిరీక్షణ నిబంధన ప్రమాదాలకు సాధారణంగా వర్తించదు. ముందు ఆ క్లెయిము పెట్టుకోండి.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ ధన్యవాదాలు. బావగారితో మాట్లాడాము. జరిగింది జరిగినట్టు చెప్పడానికి ఆయన ఒప్పుకున్నారు. అక్క మాత్రం ఇంకా మౌనంగానే ఉంది. యజమాని మర్నాడే పాత మూత తీసేసి మందపాటి చెకర్ ప్లేటు వేయించారు. పాత రేకు ఇంకా కాంపౌండు గోడకు ఆనించి ఉంది, ఒక అంచున వేలు దూరేంత చిల్లులు కనిపిస్తున్నాయి. ఇప్పుడు ఏమేమి పోగుచేసుకోవాలి? పరిహారం లెక్క ఎలా కడతారు? ఆ 20,000 తీసుకోవచ్చా?

జవాబు: సివిల్ న్యాయవాది, బెంగళూరు

ఆ రేకు పాత ఇనుము బండికి వెళ్లిపోకముందే దాని పక్కన కొలత టేపు పెట్టి, చిల్లులూ మందమూ తెలిసేలా ఫోటోలు తీయండి, కొత్త ప్లేటునూ తీయండి. దాన్ని భద్రపరచమని యజమానికి వాట్సాప్‌లోనే రాయండి. ఆ తరువాత రేకు మాయమైతే అది కూడా మీకు అనుకూలంగా చెప్పుకోదగిన సంగతే. బారసాల వీడియో తీసిన వారి దగ్గర పూర్తి ఫుటేజీ అడిగి తీసుకోండి, తివాచీ ఎక్కడి దాకా ఉందో అందులో తెలుస్తుంది. వాట్సాప్ సందేశాలకు స్క్రీన్‌షాట్లు ఒక్కటే చాలవు. భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను కింద ధ్రువపత్రం జత చేయాలి, దాని మీద సంతకం ఫోను ఎవరిదో వారిది, అంటే మీ బావగారిది, ఉండాలి. రెండో భాగం నిపుణుడు నింపాలి. అందుకని ఆయన ఆ ఫోను మార్చకుండా, సందేశాలు చెరపకుండా ఉండటం అవసరం. ఆసుపత్రి రికార్డుల కోసం రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్య మండలి 2002 నాటి నిబంధనలలో ఉంది. దెబ్బ ఎలా తగిలిందని మొదటి చీటీలో ఏమి రాశారో చూడండి. "ఇంట్లో జారిపడ్డారు" అని ఉంటే, ఇప్పుడే డాక్టరుగారికి లేఖ రాసి జరిగినది స్పష్టం చేయండి.

లెక్కలో వైద్య ఖర్చులు, ఇకముందు ప్లేటు తీయించడానికి అయ్యే ఖర్చు, పోయిన సంపాదన, పడిన బాధ వేరువేరుగా వస్తాయి. రాజ్‌కుమార్, అజయ్‌కుమార్ కేసులో 2010లో సుప్రీంకోర్టు చెప్పినది మీకు ముఖ్యం: డాక్టరు రాసే వైకల్య శాతానికీ, ఆ మనిషి చేసే పనికి కలిగిన నష్టానికీ తేడా ఉంటుంది. చీలమండ సరిగ్గా వంగకపోతే కుర్చీలో కూర్చుని రాసుకునేవారికి పెద్దగా అడ్డు ఉండదు, తొక్కుడు మిషన్ మీద బతికేవారికి అదే సర్వం. కనుక అమ్మగారు కుట్టుకు తీసుకునే ఆర్డర్ల పుస్తకం, ఫోన్‌పే జమలు దాచండి. ఇంటి పనికీ విలువ కడతారు. 1989 మార్చి 3న జంషెడ్‌పూర్‌లో కంపెనీ వేడుకకు వెళ్లినవారు మంటల్లో చనిపోయిన లతా వాధ్వా కేసులో, 34 నుంచి 59 ఏళ్ల మధ్య గృహిణుల సేవలకు నెలకు 3,000 రూపాయల చొప్పున సుప్రీంకోర్టు 2001లో లెక్క కట్టింది. ఇప్పటి ధరలకు ఆ అంకె ఎంతో చిన్నది, సూత్రం మాత్రం నిలిచే ఉంది.

నోటీసు యజమానికి ఒక్కరికే పంపండి. అందులో మూత స్థితి, ఆయనకు తెలిసిన తేదీ, ఆయన రాసిన జవాబు, ఖర్చుల వివరం ఉండాలి. "కోర్టుకీడుస్తాం" లాంటి మాటలు అక్కరలేదు. ఆ పిమ్మట దావాకు ముందే సిద్దయ్య రోడ్డులోని న్యాయదేగుల అనే భవనంలో ఉన్న న్యాయ సేవల ప్రాధికార సంస్థకు దరఖాస్తు పెడితే ఆయన్ను పిలిపించి రాజీకి కూర్చోబెడతారు. ఉచిత ఫోను నంబరు 15100. అక్కడ లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. పైవాటాలో ఉంటూ రోజూ ఎదురుపడే మనిషితో వ్యవహారం కాబట్టి మీకు ఇది దావా కంటే మంచి దారి.

20,000 తీసుకోవచ్చు, కాగితం మీద ఏముందన్నదే అసలు విషయం. "వైద్య ఖర్చుల నిమిత్తం, మిగిలిన హక్కులకు భంగం లేకుండా" అని ఉంటే సంతకం చేయండి. "పూర్తి, తుది పరిష్కారంగా" అని ఉంటే చేయవద్దు. కాగితం కన్నడలో ఉంటే, చదివి అర్థం చెప్పే మనిషి పక్కన లేకుండా అమ్మగారి చేత వేలిముద్ర గాని సంతకం గాని పెట్టించకండి.