దూరాన్ని వేగంతో భాగిస్తే వచ్చే టైము, టికెట్ మీద ఉన్న టైము ఎందుకు కలవడం లేదు?

అందరికీ నమస్కారం. విమాన ప్రయాణాల లెక్కలు తెలిసినవాళ్లు కాస్త సాయం చేయండి.

లండన్ నుంచి న్యూయార్క్‌కి గాల్లో దూరం సుమారు 5,550 కిలోమీటర్లు. విమానం గంటకు 900 కిలోమీటర్లు వెళ్తుందనుకుంటే ఆరు గంటల పది నిమిషాల్లో దిగిపోవాలి. కానీ టికెట్ మీద వెళ్లేటప్పుడు దాదాపు ఎనిమిది గంటలు, వచ్చేటప్పుడు ఏడు గంటలు అని ఉంటోంది. వెళ్లిరావడంలో తేడా ఎందుకో తెలుసు: పైన పడమర నుంచి తూర్పుకి వీచే జెట్ స్ట్రీమ్ గాలి ఒకవైపు తోస్తుంది, ఇంకోవైపు అడ్డం పడుతుంది. అది సరే. గాలి తోడున్నప్పుడు కూడా నా లెక్క కంటే ఎక్కువ ఎందుకు పడుతోంది? టికెట్ టైములో రన్‌వే దాకా మెల్లగా వెళ్లడం, దిగాక గేటు దాకా రావడం కూడా కలుపుతారా? ఆలస్యమైనా సరిపోయేలా ముందే కొంత ఎక్కువ వేసుకుంటారా?

ఇదంతా ఎందుకంటే, నాన్నగారికి మందులు ఇన్ని గంటలకోసారి అని కచ్చితంగా వేయాలి. న్యూయార్క్ గడియారం లండన్ కంటే మామూలుగా ఐదు గంటలు వెనక ఉంటుంది కాబట్టి బయల్దేరే టైము, దిగే టైము చూసి లెక్కేస్తే తల తిరుగుతోంది. అసలు గాల్లో ఉండే సమయం విడిగా ఎక్కడ చూడాలి? వేరే ఊళ్లకి కూడా పనికొచ్చే లెక్క, అంటే దూరాన్ని భాగించి పైన ఎంత కలపాలో, ఎవరైనా చెప్పగలరా? మధ్యలో విమానం మారే ప్రయాణాల గురించి ఇప్పుడు వద్దు, ముందు ఇది తేలనివ్వండి.