రెండో పిక్ పెట్టి తెచ్చిన కుర్రాణ్ణి హాఫ్‌బ్యాక్‌లో నిలబెడతారా? (నార్త్ మెల్‌బోర్న్ డిఫెన్స్ గోల)

టార్నీట్_బావ
ఏఎఫ్ఎల్‌లో (ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్) మన నార్త్ మెల్‌బోర్న్ 2025 సీజన్ లెక్క తేలింది. 5 గెలుపులు, ఒక డ్రా, 16వ స్థానం. 2021, 2022ల్లో అట్టడుగు, 2023, 2024ల్లో దానికి ఒక మెట్టు పైన. దీన్ని ఎదుగుదల అనేవాళ్లకి ఓ నమస్కారం.

నా బాధ మాత్రం కాల్బీ మెక్‌కర్చర్ గురించి. 2023 డ్రాఫ్ట్‌లో (క్లబ్బులు వంతులవారీగా కొత్త కుర్రాళ్లని ఎంచుకునే చోట) రెండో పిక్. టాస్మేనియాలో జూనియర్‌గా ఆడినన్నాళ్లూ మిడ్‌ఫీల్డర్. గుంపులోంచి బంతి లాక్కుని పరుగు తీశాడంటే పట్టుకోవడం కష్టం. మనవాళ్లు తీసుకొచ్చి చాలా మ్యాచ్‌లు హాఫ్‌బ్యాక్‌లో నిలబెట్టారు. అంతకుముందు హ్యారీ షీజెల్‌కీ ఇదే చేశారు. ఓపెనర్‌ని వేలంలో కొని ఎనిమిదో నంబర్లో పంపే తెలివి ఇది. కోచ్ క్లార్క్‌సన్‌కి పాత క్లబ్ హాథార్న్‌లో నాలుగు కప్పులున్నాయి కాబట్టి నోరు మూసుకోవాలంటే నా వల్ల కాదు.

షిన్‌బోనర్_శాస్త్రి
బావగారూ, షీజెల్ పేరెత్తి మీ వాదన మీరే కొట్టేసుకున్నారు. 2023 మొదటి రౌండ్, వెస్ట్ కోస్ట్ మీద, జీవితంలో తొలి మ్యాచ్, 34 డిస్పోజల్స్ (తన్నినవీ, చేత్తో అందించినవీ కలిపి). ఆ ఏడాది లీగ్ రైజింగ్ స్టార్ (ఉత్తమ యువ ఆటగాడు) అతనే. మన క్లబ్ ఉత్తమ ఆటగాడికిచ్చే సిడ్ బార్కర్ మెడల్ కూడా అతనికే. ఇదంతా మీరు తిడుతున్న ఆ హాఫ్‌బ్యాక్‌లోంచే. ఆ తర్వాతే మధ్యలోకి మార్చారు. వెనక నిలబడితే ఆటంతా కళ్లెదుటే జరుగుతుంది. కుర్రాడు నేర్చుకుంటాడు, ఒళ్లు గట్టిపడుతుంది. తొలి ఏడాదే మధ్యలో పెద్దాళ్ల కింద పడేస్తే భుజం పోతుంది.

మన అసలు జబ్బు వేరే. ఎత్తుగా ఉండి, ఎదుటి ఫార్వర్డ్‌ని ఒంటరిగా కాచుకుని, ఎగిరి మార్క్ (తన్నిన బంతిని గాల్లోనే) పట్టే డిఫెండర్ లేడు. ఉన్న ఒక్క బెన్ మెకే 2023 చివర్లో ఎసెండన్‌కి వెళ్లాడు. పరిహారంగా మూడో పిక్ వచ్చిందని మనం చప్పట్లు కొట్టాం. గోల్డ్ కోస్ట్ క్లబ్ తన అకాడమీ కుర్రాణ్ణి మధ్యలో తీసుకోవడంతో అది నాలుగుకి జరిగింది, దాంతో జేన్ డ్యూర్స్మాని తీసుకున్నాం. అతనెవరు? ఫార్వర్డ్! గోడ తీసేసి కిటికీ కొన్నాం.

నైట్‌షిఫ్ట్
గోడ, కిటికీ 😂

కొత్త_కోబర్గ్
నేను ఈ ఆటకి కొత్తండీ, క్రికెట్ తప్ప తెలీదు. హాఫ్‌బ్యాక్ అంటే డిఫెన్సా, అటాకా? ఎవరైనా తిట్టకుండా చెప్పండి.

షిన్‌బోనర్_శాస్త్రి
తిట్టమండీ. మైదానంలో ఒక్కో జట్టుకి 18 మంది. స్థూలంగా వెనక ఆరుగురు, మధ్యలో ఆరుగురు, ముందు ఆరుగురు. ఆ వెనకవాళ్లలో గోల్‌కి దగ్గరగా ఫుల్‌బ్యాక్, బ్యాక్ పాకెట్‌లు ఉంటాయి. వాళ్ల ముందు వరస హాఫ్‌బ్యాక్. ఎదుటివాళ్లు తన్నిన బంతి పట్టుకుని మన దాడి మొదలుపెట్టేది ఎక్కువగా వీళ్లే. కాబట్టి రెండూ. మన కేలబ్ డేనియల్ హెల్మెట్ పెట్టుకుని కనిపిస్తాడే, 168 సెంటీమీటర్ల మనిషి, అతను చేసేది ఈ పనే.

కొత్త_కోబర్గ్
అర్థమైంది, థాంక్స్ అండీ.

టార్నీట్_బావ
అదే నేనూ అంటున్నా. కేలబ్ డేనియల్ ఉన్నాడు కదా! వెస్టర్న్ బుల్‌డాగ్స్‌లో 2016 కప్పు గెలిచినవాడు, 2020లో ఆల్ ఆస్ట్రేలియన్ (ఆ ఏడాది లీగ్ ఉత్తమ జట్టు)లో చోటు దక్కినవాడు. ఆ పని కోసమే అతన్ని తెచ్చారు. పైగా కార్ల్‌టన్ నుంచి వచ్చిన జాక్ ఫిషర్‌నీ వెనక్కే పంపారు. బంతి అందంగా తన్నేవాళ్లు వెనక ముగ్గురు, తీరా ఎదుటివాడు ఎగిరితే పైన చెయ్యి పెట్టేవాడు లేడు. మెక్‌కర్చర్ మూడోవాడుగా అక్కడ ఏం చెయ్యాలి?

డిఫెన్స్ డిఫెన్స్ అంటారు గానీ గోల్స్ పడేది వెనకవాళ్ల వల్ల కాదు శాస్త్రిగారూ. 2019 నుంచి 6-6-6 రూల్ ఉంది. సెంటర్‌లో బంతి వేసేటప్పుడు ప్రతి జట్టూ ఆరుగుర్ని వెనక, ఆరుగుర్ని ముందు ఉంచాల్సిందే, అదనంగా ఒకణ్ణి వెనక దాచడానికి లేదు. మధ్యలో బంతి ఎదుటోడికి శుభ్రంగా చిక్కితే రెండు తన్నుల్లో మన గోల్ ముందు ఉంటాడు. అక్కడ మెకే ఉన్నా ఒకటే, కరెంటు స్తంభం ఉన్నా ఒకటే. గెలవాల్సింది మధ్యలో. మధ్యలో గెలవగలిగే కుర్రాణ్ణి వెనక దాస్తున్నారు.

కరీంనగర్_కంగారూ
బావ చెప్పింది కరెక్టే. కానీ 2024 జూన్ల కాలింగ్‌వుడ్ మ్యాచ్ యాదికుందా? 54 పాయింట్ల లీడ్ పెట్టుకొని ఒక్క పాయింట్‌తోని ఓడిపోయినం. గది మధ్యల ఓడిపోయినట్టా, ఎనక ఓడిపోయినట్టా?

పాయింట్‌కుక్_పప్పు
అంపైర్ ఓడించాడు. మనకి రావాల్సిన 50 మీటర్ల పెనాల్టీ (బంతిని 50 మీటర్లు ముందుకి జరపడం) ఇవ్వలేదు. నేను ఆ మ్యాచ్ గురించి ఇంకేం మాట్లాడను.

షిన్‌బోనర్_శాస్త్రి
కరీంనగర్ తమ్ముడూ, మంచి ప్రశ్న. మార్వెల్ స్టేడియంలో మా అమ్మాయితో కలిసి ఆ మ్యాచ్ చూశాను. లీడ్ కరిగిపోతుంటే ఒక్కసారైనా ఆట నెమ్మదించేవాడు లేడు. వెనక అనుభవమున్న మనిషుంటే మార్క్ పడతాడు, ఊపిరి తీసుకుంటాడు, పక్కకి చిన్న తన్ను తంతాడు, గడియారం తిరుగుతుంది. మనవాళ్లు పట్టిన ప్రతి బంతినీ ముందుకే విసిరారు, అది వెంటనే తిరిగొచ్చింది.

క్లార్క్‌సన్‌కి ఇది తెలీదా? హాథార్న్‌లో ఆయన కప్పులు కొట్టింది కొనుక్కున్న డిఫెండర్లతో. జాష్ గిబ్సన్ ఎవరు? 2009 చివర్లో మన దగ్గర్నుంచి వెళ్లినవాడే, 2013, 14, 15 మూడు కప్పుల్లోనూ ఉన్నాడు. బ్రయన్ లేక్‌ని బుల్‌డాగ్స్ నుంచి తెచ్చారు, 2013 ఫైనల్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే నార్మ్ స్మిత్ మెడల్ అతనిదే. పెద్దవాళ్లని తెచ్చి వెనక నిలబెట్టండి, పిల్లలు వాళ్లంతట వాళ్లే ఎదుగుతారు.

టార్నీట్_బావ
హాథార్న్ లేక్‌ని తెచ్చేనాటికి 2008లో కప్పు కొట్టి, 2012లో ఫైనల్ ఆడి ఉంది. ఇల్లు కట్టాక తాళం కొన్నారు. (మీ గోడ, కిటికీలకి నా తాళం జవాబు.) మనం కొనలేదా? 2020 చివర్లో జీడబ్ల్యూఎస్ క్లబ్ నుంచి డిఫెండర్ ఏడన్ కోర్ వచ్చాడు. 2022 చివర్లో ఫ్రీమాంటల్ నుంచి గ్రిఫిన్ లోగ్ వచ్చాడు, 2023లో మోకాలు పోయింది. స్థానం మారిందా?

షిన్‌బోనర్_శాస్త్రి
మోకాలు పోవడం వ్యూహం తప్పు కాదు కదండీ. ఇప్పుడు చార్లీ కాంబెన్ ఉన్నాడు, టోబీ పింక్ ఉన్నాడు. వాళ్ల పక్కన ఒక్క పెద్దమనిషి చాలు.

టార్నీట్_బావ
కాంబెన్ డిఫెండర్ కాదు. 2019లో ఫార్వర్డ్ అని తీసుకున్నారు.

షిన్‌బోనర్_శాస్త్రి
2024లో వెనక్కి మార్చారు. బాగా ఆడాడు. కాబట్టి డిఫెండర్.

టార్నీట్_బావ
బాగా ఆడినంత మాత్రాన డిఫెండర్ అయిపోడు. నిక్ లార్కీ పక్కన ముందు రెండో ఎత్తైన మనిషి ఎవరో చెప్పండి మరి.

షిన్‌బోనర్_శాస్త్రి
జాక్ డార్లింగ్ ఉన్నాడు.

టార్నీట్_బావ
డార్లింగ్ వయసెంత?

కరీంనగర్_కంగారూ
అన్నా, రెండు గంటల సంది కాంబెన్ మీదనే నడుస్తుంది. మెక్‌కర్చర్ ముచ్చట ఏమైంది?

వెరిబీ_అక్క
ఇంత పొడుగు చర్చలో మన క్లబ్‌కి ఇంకో జట్టుందని ఒక్కరికీ గుర్తురాలేదు. మన ఆడవాళ్ల జట్టు 2024లోనూ 2025లోనూ ఒక్క ఓటమి లేకుండా కప్పు తెచ్చింది. 2024 ఫైనల్‌లో బ్రిస్బేన్‌కి వచ్చిన మొత్తం పాయింట్లు 9. అక్కడ డిఫెన్స్ వెనకనుంచి మొదలవ్వదు, ముందున్నవాళ్ల టాకిల్‌తో (బంతి ఉన్నవాణ్ణి పట్టి ఆపడంతో) మొదలవుతుంది. బంతి మన గోల్ దాకా వస్తేగా! ఎవరు ఎక్కడ ఆడుతున్నారన్నది కాదు, బంతి పోగానే ఎంతమంది వెనక్కి తిరిగి పరిగెడుతున్నారో చూడండి. మగవాళ్ల జట్టులో బంతి పోయాక చేతులు నడుం మీద పెట్టుకుని చూసేవాళ్లని నేను స్టాండ్స్‌లోంచి చూపించగలను.

పాయింట్‌కుక్_పప్పు
అక్కా అది వేరే లీగ్. 16 మందే ఆడతారు. పోలిక కుదరదు.

వెరిబీ_అక్క
టాకిల్ చెయ్యడానికి 18 మంది కావాలా తమ్ముడూ?

టార్నీట్_బావ
అక్క చెప్పిన మాట నాకు నచ్చింది. కానీ నా పాయింట్ వదలను. మా వాడి సంగతే చెప్తా. అండర్-12లో ఆడతాడు, ఇక్కడే ఒక లోకల్ క్లబ్‌లో. వారం వారం బ్యాక్ పాకెట్. బంతి అటు రాదు. వస్తే పక్కనున్న కోచ్ కొడుకు లాక్కుంటాడు. చలిలో చేతులు జేబులో పెట్టుకుని నిలబడి ఇంటికొస్తాడు. అడిగితే ‘హీ ఈజ్ లెర్నింగ్ ది గేమ్’ అంటారు. ఏం నేర్చుకుంటున్నాడు, నిలబడడమా? శాస్త్రిగారు షీజెల్ గురించి చెప్పిన ముక్క కూడా అచ్చం అదే. ఈ మాట నాకు వినీ వినీ విసుగొచ్చింది.

షిన్‌బోనర్_శాస్త్రి
మీ అబ్బాయి బ్యాక్ పాకెట్‌కీ ఏఎఫ్ఎల్ జట్టు కూర్పుకీ సంబంధమేంటి సార్? ఇంట్లో కోపం తెచ్చి క్లార్క్‌సన్ మీద తీర్చుకుంటున్నారు.

టార్నీట్_బావ
మీ అమ్మాయిని మార్వెల్‌కి తీసుకెళ్తే అది సాక్ష్యం. మా అబ్బాయి ఆడితే ఇంట్లో కోపం. బాగుంది. రూల్ మీరు రాశారా?

షిన్‌బోనర్_శాస్త్రి
నేను చూసింది లీగ్ మ్యాచ్. మీరు చెప్తున్నది పార్కులో పిల్లల ఆట. ఆ తేడా తెలీకపోతే ఇక మాట్లాడ్డం దండగ.

టార్నీట్_బావ
దండగైతే మానెయ్యండి. మెంబర్‌షిప్ కార్డు ఉన్నవాళ్లే అభిమానులన్నట్టు మొదట్నుంచీ మాట్లాడుతున్నారు.

నైట్‌షిఫ్ట్
🍿

మోడరేటర్
ఇద్దరూ కాస్త ఆగండి. పిల్లల జోలికి వెళ్లొద్దు. క్లబ్ పేరు, కోచ్ పేరు ఎవరూ రాయొద్దు.

వెరిబీ_అక్క
నేనొకటి అడగొచ్చా? వెరిబీ పక్కన ఉన్నాం కాబట్టి మా పిల్లలు హడిల్‌కి వెళ్లేవాళ్లు. అంటే నార్త్ మెల్‌బోర్న్ క్లబ్ వలస కుటుంబాల పిల్లల కోసం నడిపే కార్యక్రమం, ఆర్డెన్ స్ట్రీట్‌లో ఉంది, మా విండమ్ వైపూ ఉంది. హోంవర్క్ సాయం, ఆటలు. మాకు ఈ జట్టు అలా వచ్చింది. బావా, శాస్త్రిగారూ, మీ ఇద్దరికీ ఇంత కోపం మెక్‌కర్చర్ ఎక్కడ నిలబడ్డాడన్నదాని మీదేనా? నాకు అలా అనిపించట్లేదు.

షిన్‌బోనర్_శాస్త్రి
అమ్మా, సూటిగా అడిగారు కాబట్టి చెప్తాను. నా భయం వేరు. జేసన్ హోర్న్-ఫ్రాన్సిస్ 2021లో నంబర్ వన్ పిక్. ఒక్క సీజన్ ఆడి పోర్ట్ అడిలైడ్‌కి పోయాడు. ఆ ఏడాది రెండే గెలిచాం, జూలైలో కోచ్ డేవిడ్ నోబుల్ పోయాడు. తర్వాత మెకే పోయాడు. టాస్మేనియా జట్టు 2028లో లీగ్‌లోకి రావాలి. మెక్‌కర్చర్ ఆ ఊరివాడే. ఏడాదికి ఐదు గెలుపులు చూసే కుర్రాడికి ఇక్కడ ఉండిపోవాలని ఎందుకు అనిపిస్తుంది? అందుకే పెద్దవాళ్లని తెచ్చి, వెనక సర్ది, ముందు గెలవడం మొదలుపెట్టండి అంటున్నా. గెలిస్తే ఉంటారు. ఎవరు ఎక్కడ ఆడారన్నది తర్వాత.

టార్నీట్_బావ
ఇక్కడ దొరికారు. నేనూ భయపడేది అతను పోతాడనే. కానీ ఓటముల వల్ల పోరు శాస్త్రిగారూ, మెకే ఎంత ఓడాడో చూసి కూడా అన్నేళ్లు ఉన్నాడుగా. తను వచ్చిన పని తనకివ్వకపోతే పోతారు. టాస్మేనియా వచ్చి ‘నిన్ను మా సెంటర్‌లో పెట్టి నీ చుట్టూ జట్టు కడతాం’ అంటే, మనం ‘నీకు హాఫ్‌బ్యాక్‌లో కేలబ్ పక్కన చోటుంది’ అంటామా? పెద్దవాళ్లని తెచ్చిన కొద్దీ ఆ కుర్రాడికి చోటు ఇంకా తగ్గుతుంది. డార్లింగ్, ల్యూక్ పార్కర్, డేనియల్ ముగ్గుర్నీ 2024 చివర్లో ఒకేసారి తెచ్చారు. పైగా 2025 మొదటి రౌండ్ పిక్ రిచ్‌మండ్‌కి ఇచ్చేసి మ్యాట్ విట్‌లాక్‌ని తెచ్చారు. ఇంకెంత తొందర కావాలి మీకు?

షిన్‌బోనర్_శాస్త్రి
తొందరా? 2020 నుంచి అడుగునే ఉన్నాం. దాన్ని తొందర అంటారా?

కరీంనగర్_కంగారూ
గిదన్నట్టు అసలు ముచ్చట. ఒకలు గెలిస్తె ఉంటరంటరు, ఒకలు చోటిస్తె ఉంటరంటరు. నన్నడిగితె పైసలిస్తె ఉంటరు.

నైట్‌షిఫ్ట్
కరీంనగర్ అన్నకి సిడ్ బార్కర్ మెడల్ ఇవ్వండి.

పాయింట్‌కుక్_పప్పు
ఆ 50 మీటర్ల పెనాల్టీ ఇచ్చుంటే మనం గెలిచేవాళ్లం. అంతే.

షిన్‌బోనర్_శాస్త్రి
బావగారూ, పొద్దున్నే డ్యూటీ ఉంది, పడుకోబోతూ ఒక్క మాట. మెక్‌కర్చర్‌ని మధ్యలో పెట్టారే అనుకుందాం. ఆ మధ్యలో ఇప్పుడున్న షీజెల్, డేవిస్-యూనియాక్, వార్డ్‌లా, సింప్‌కిన్‌లలో ఎవర్ని తీస్తారు? పేరు రాయండి. ‘అందర్నీ తిప్పుతాం’ అని రాయకండి.

టార్నీట్_బావ
రాస్తా. సింప్‌కిన్‌ని ముందుకి పంపండి, ఫార్వర్డ్ పాకెట్‌కి. 2025లో కెప్టెన్ అయితే ఏం? ఇప్పుడు మీరు రాయండి: సెంటర్‌లో ఓడి రెండు తన్నుల్లో బంతి వచ్చినప్పుడు 6-6-6లో మీ పెద్దమనిషి ఒక్కడు వెనక ఏం ఆపుతాడు? పొద్దున్న అడిగింది, ఇంకా జవాబు రాలేదు.